ఏడో నెల గాజులు

యశశ్విని చేతికి గ్లవ్స్ మోచేతి దాకా ఎక్కడం లేదు. సీమంతం నాడు అత్త తులసమ్మ రెండు చేతులకూ డజనేసి మట్టిగాజులు తొడిగి, "కానుపు దాకా ఒక్కటి తీసినా బిడ్డకు మంచిది గాదు" అనింది. ఆ మాట మనసులో మేకులా దిగిపోయింది. తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరు ఫ్యాక్టరీ ల్యాబుకు వెళ్తూ, గాజులు తీసి రమ్మన్న మేనేజరు మాట రోజూ తలుచుకునేది, రోజూ మరిచిపోయినట్టు నటించేది. కోటు చెయ్యి కిందికి లాగేస్తే ఎవరికి కనబడతాయి? రెండు పక్కలా భయం ఉంటే మనిషి ఇంటి భయానికే తల వంచుతుంది మరి.

ఆ రోజు నైట్రిక్ యాసిడ్ సీసా వంచుతుండగా, గాజుల దగ్గరే ఆగిపోయిన గ్లవ్ అంచులోంచి నాలుగు చుక్కలు లోపలికి జారాయి. మొదట చల్లగా అనిపించింది. వెంటనే నిప్పు.

"అమ్మా!"

ల్యాబులో సామాను కడిగే పచ్చయమ్మ పరుగున వచ్చి, గ్లవ్ లాగేసి, ఆ చేతిని కొళాయి కింద పెట్టింది. ఆమె భర్త పోయిన మనిషి. అందుకే పిలిచినా సీమంతానికి రాలేదు. నీళ్ళు ధారగా పడుతున్నా గాజుల కింద మంట ఆగలేదు. లాగితే రాలేదు, ఏడో నెలకు చేతులు నీరుపట్టి ఉన్నాయి.

"పగలగొట్టల్ల అమ్మీ."

"వద్దక్కా! బిడ్డకు ఏమన్నా అయితే?"

పచ్చయమ్మ తన బోసి చేతులకేసి ఒకసారి చూసుకుంది. "నా చేత్తో కూడదని నాకూ తెలుసు. అయితే బిడ్డ నీ కడుపులో ఉండాది, గాజుల్లో లేదు."

గుడ్డ చుట్టి ఒక్కొక్కటే చిట్లగొట్టింది. పావుగంట పైగా నీళ్ళ కింద నిలబడినంతసేపూ యశశ్విని రెండో చెయ్యి కడుపు మీదే ఉంది. బిడ్డ కదల్లేదు. ఆమె ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంది. ఆస్పత్రిలో డాక్టరు బిడ్డ గుండె చప్పుడు వినిపించాకే ఏడుపు వచ్చింది.

సాయంత్రం గడపలోనే తులసమ్మ గాజుల్లేని ఆమె చెయ్యి పట్టుకుంది. "పసుపేమే ఇది?" అంటూ మణికట్టు దగ్గర, ఆస్పత్రి కట్టు పక్కన, కొంగుతో తుడవబోయింది. పోలేదు. యాసిడ్ మరక అలాగే పచ్చగా ఉండిపోతుంది. యశశ్విని దాచకుండా అంతా చెప్పింది, పచ్చయమ్మ పేరుతో సహా.

తులసమ్మ లోపలికి వెళ్ళి గుడ్డ తెచ్చి, కోడలి రెండో చేతికి చుట్టి, తను వేసిన గాజులు తనే ఒక్కొక్కటిగా పగలగొట్టింది.

"బిడ్డ పుట్టినాక మొదట ఆ పచ్చయమ్మ చేతికే ఇద్దాం" అనింది.