బత్తి కొట్టుకుంటే

మధ్యాహ్నం అన్నాలయ్యాక విజయశ్రీకి తెర మీద మళ్ళీ అదే వాక్యం కనబడింది. సర్వర్ అందడం లేదట. పొద్దుట్నుంచి ఇది ఎన్నోసారో లెక్కపెట్టడం ఆమె ఎప్పుడో మానేసింది. లాప్‌టాప్‌ని నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది గానీ, అది కంపెనీది. పైగా పాపం దాని తప్పేమీ కనబడలేదు.

సూరత్ మొత్తం తలుపులేసుకుని కూర్చున్న మొదటి లాక్‌డౌన్ రోజులవి. తెలంగాణ నుంచి వలసవచ్చి వీళ్ళుంటున్న అమ్రోలిలో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. పగలూ రాత్రీ ఆ చప్పుడులోనే బతికిన వీధికి ఈ నిశ్శబ్దంలో నిద్ర పట్టడం లేదు. ఊరి బయట కిమ్‌లో ఒక మిల్లుకు మాత్రం ఆస్పత్రుల వాళ్ళు తొడుక్కునే సూట్లు కుట్టడానికి అనుమతి దొరికింది. విజయశ్రీ భర్త సుమన్‌కి అందులోనే పని. గేటు దాటకుండా అక్కడే తిని అక్కడే పడుకుంటున్నాడు. ఏ ఆస్పత్రికి ఎన్ని సూట్లు పోవాలో జాబితా చేసి పంపడం ఆమె ఉద్యోగం. ఆఫీసు మూసేస్తూ, ఆ వివరాలన్నీ ఉన్న పెద్ద కంప్యూటర్‌ని, అంటే ఆ సర్వర్‌నే, టెంపోలో తెచ్చి వీళ్ళింట్లో దింపిపోయారు.

సాయంత్రం ఐదులోపు జాబితా అందితేనే కిమ్‌లో బండి కదులుతుంది. నిన్న కదల్లేదు. ఇవాళ కూడా కదలకపోతే కంప్యూటర్‌ని ఊరికి ఆ చివర ఆల్థాన్‌లో ఇంకో అమ్మాయి ఇంటికి పంపించేస్తానని మేనేజర్ రవీంద్ర పొద్దున్నే ఫోన్లో తేల్చి చెప్పాడు. కంప్యూటర్ పోతే ఉద్యోగమూ దాంతోపాటే టెంపో ఎక్కుతుంది. పెళ్ళయ్యాక ఇంట్లో ఎంతగా బతిమాలితే దక్కిన ఉద్యోగమో ఆమెకే తెలుసు.

ఆ కంప్యూటర్ ముందే కూర్చుని పని చేసుకోరాదా అని కూడా అడిగాడతను. అడగడానికేం, నోరుంది. కంప్యూటరూ, దాని పక్కనే వైఫై డబ్బా ముందుగదిలో ఉన్నాయి. ముందుగది, మగ్గం ఆగి ఇంటిపట్టునే ఉంటున్న మామ బక్కయ్యది. మామ ఎదురుగా కుర్చీలో కూర్చునే కోడలు ఈ ఇంట్లో ఇంకా అడుగు పెట్టలేదు. ఇద్దరూ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోరు. ఆయనకు మంచినీళ్ళు కావాలన్నా ఆ మాట అత్త పోశమ్మ నోటి మీదుగా వంటింట్లోకి రావాలి. కోడలి పట్టీల చప్పుడు వినబడితే చాలు, ఆయన లేచి బయటి మెట్ల మీదికి వెళ్ళిపోతాడు. అందుకే విజయశ్రీ వంటింటి పక్కగదిలో బియ్యం డబ్బా మీద లాప్‌టాప్ పెట్టుకుని, గోడ అవతలి కంప్యూటర్‌ని వైఫైతో అందుకోవాల్సి వచ్చింది.

పొద్దున మొదటిసారి తెగినప్పుడు ముందుగదికి పరిగెత్తింది. గది ఖాళీ. కంప్యూటర్ నిక్షేపంగా నడుస్తోంది, డేటాబేస్ కూడా పనిచేస్తూనే ఉంది. మారింది దాని నంబరు. వైఫై డబ్బా ఆగి మళ్ళీ లేచినప్పుడు ఇంట్లో మిషన్లకు కొత్త నంబర్లు పంచుతుంది. లాప్‌టాప్ ఏమో పాత నంబరు పట్టుకుని వెతుకుతోంది. కొత్తది రాస్తే కలిసింది. కాసేపటికే మళ్ళీ మారింది. ఈసారి ఆమె కంప్యూటర్‌కి ఎప్పటికీ మారని నంబరు ఇచ్చేసి హమ్మయ్య అనుకుంది. ఆ సంబరమూ ఎంతోసేపు లేదు. నంబరు మారడం లేదు సరే, కానీ పెద్ద జాబితా పంపుతుండగా లైను పుటుక్కుమంటోంది. ఊరికే కూర్చుంటే ఏమీ కాదు. పని మొదలుపెడితేనే తెగుతుంది.

అంటే ఆగుతున్నది డబ్బాయే. కరెంటు పోలేదు, నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. డబ్బా పాడైతే ఈ బందులో కొత్తది ఎవడిస్తాడు? విజయశ్రీ ఆ చిన్న గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. నాలుగు దాటింది. రవీంద్ర రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. చివరికి, జాబితా పోతున్నప్పుడు డబ్బా ఏం చేస్తుందో కళ్ళారా చూద్దామనుకుంది. ఈ ఎండలో మామను మాటిమాటికీ మెట్ల మీదికి తరమడం ఎందుకని పట్టీలు తీసి పక్కన పెట్టి, పంపే బటన్ నొక్కి, మెల్లగా వెళ్ళి కర్టెన్ పక్కన నిలబడింది.

డబ్బా మీది ఆకుపచ్చ దీపం టకటకా మిణుకుతోంది. గోడకానుకుని కూర్చున్న బక్కయ్య ఉలిక్కిపడి లేచాడు. లుంగీ సర్దుకుని, గబగబా వెళ్ళి డబ్బా స్విచ్ ఆపాడు. వైర్లను ఒక్కొక్కటిగా తడిమి గట్టిగా నొక్కాడు. మళ్ళీ స్విచ్ వేసి, డబ్బాను తాకి కళ్ళకద్దుకున్నాడు. మగ్గం ఎక్కే ముందు నేతపనివాళ్ళు చేసే దండం అది.

విజయశ్రీకి ఒళ్ళు మండిపోయింది. పొద్దుట్నుంచీ తన ప్రాణం తోడేసింది ఈయనా! మాట చేరవేయడానికి అత్త కూడా లేదు, కూరగాయల లైన్లో నిలబడింది. లోపల ఫోన్ మళ్ళీ మోగుతోంది. ఆమె కర్టెన్ తోసుకుని ముందుకొచ్చింది.

"ఏంది మామా, గిట్ల చేస్తున్నరు?"

ఆ ఇంట్లో ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. బక్కయ్య తప్పు చేస్తూ దొరికినవాడిలా చేతులు వెనక్కి లాక్కున్నాడు. మెట్ల వైపు చూశాడు గానీ కదల్లేదు.

"దారం తెగింది బిడ్డా," అన్నాడు నేల చూస్తూ. "మా కొత్త మగ్గాల మీద గిట్లనే బత్తి కొట్టుకుంటది. కొట్టుకుంటె దారం తెగినట్టు. ఆపి, ముడేసి, మళ్ల నడపాలె."

"ఇది అట్ల కాదు మామా. కొట్టుకుంటెనే దారం నడుస్తున్నట్టు. మీరు ఆపినప్పుడల్లా నాది తెగిపోతున్నది."

బక్కయ్య స్విచ్ దగ్గర్నుంచి ఒకడుగు వెనక్కి జరిగాడు. ఆయన మొహం వాడిపోయింది. "కిమ్‌కు పోయే లైను గిదే అన్నది మీ అత్త. కొడుకు ఉన్న కాడికి పోయే దారం గద బిడ్డా. నేనుండంగ తెగొద్దని..."

విజయశ్రీ కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. మగ్గం లేక, కొడుకు కబురు అడగడానికి నోరు రాక, ఈ పెద్దాయన పొద్దుట్నుంచీ ఒక్క దీపాన్ని కాపలా కాస్తున్నాడు. తాను ఎంత గట్టిగా పని చేస్తే ఆయన అంత భయపడ్డాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు.

లోపలికి పరిగెత్తి లాప్‌టాప్ తెచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోతే, బక్కయ్య తన కుర్చీని డబ్బా పక్కకు జరిపాడు.

"కూసో," అన్నాడు.

ఆమె కూర్చుని, పంపే బటన్ మళ్ళీ నొక్కింది. బక్కయ్య మెట్ల మీదికి పోలేదు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దీపం మిణుకుతున్నంతసేపూ ఇద్దరూ దాన్నే చూశారు. ఐదు కొట్టకముందే జాబితా కిమ్ చేరింది. కాసేపటికి ఆమె ఫోన్‌కి ఫొటో వచ్చింది, సుమన్ పంపాడు. మిల్లు గేటు దగ్గర, సగం నిండిన బండి పక్కన మాస్కుతో నిలబడి ఉన్నాడు.

విజయశ్రీ ఫోన్‌ను మామ చేతికే ఇచ్చింది. ఆయన దాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని చూశాడు.

"సన్నగైండు," అన్నాడు. ఆ తర్వాత కోడలి వైపు తిరిగి, "రేపు గూడ ఈడనే కూసో బిడ్డా. బత్తి ఆగితే జర చెప్పు," అన్నాడు.