ఎడమ బుగ్గ నొక్కు

అచ్చు అంచుని ఆకురాయితో మూడోసారి రుద్ది, బొటనవేలితో తడిమి చూశాడు ఫిట్టరు. కంటికి దొరకని గరుకు ఆ వేలికి దొరుకుతుంది. ముప్పై ఏళ్ళు ఇనుముని తడిమీ తడిమీ వేలి మీద గీతలు చెరిగిపోయాయి. గుమ్మం దగ్గర వేలిముద్రల హాజరు యంత్రం పొద్దున్నే రెండుసార్లు “నువ్వెవరు” అన్నట్టు చూసి గానీ లోపలికి రానివ్వదు.

ఆ షెడ్డులో చేసేది ఒకటే వస్తువు, చంటిపిల్లలకి ఆవిరిమందు పట్టే రబ్బరు మాస్కు. ఇరవై రెండేళ్ళ కిందట ఫిట్టరు కూతురికి ఆయాసం. కొన్న మాస్కు ప్రతిదీ ఎడమ బుగ్గ దగ్గర జారిపోయేది. అక్కడ పుట్టుకతోనే చిన్న నొక్కు. తల్లి ఒళ్ళో పిల్ల నిద్రపోతుంటే దారంతో కొలిచి, చెక్కలో ఆ మొహం చెక్కాడు. దాని మీద పోసిన మాస్కు పిల్ల ఎంత తల తిప్పినా కదల్లేదు. తర్వాత ఏ పిల్లకి పెట్టినా కదల్లేదు.

పదేళ్ళ కిందట పరాయి కంపెనీవాళ్ళు చూడ్డానికొస్తే, యజమాని మురిసిపోయి నాలుగు మాస్కులు చేతిలో పెట్టి పంపాడు. వాళ్ళు తమ దేశంలో దానికి పేటెంటు తీసుకున్నారు. ఇన్నాళ్ళూ అది ఇక్కడ చెల్లలేదు. రెండు దేశాల కొత్త వ్యాపార ఒప్పందంతో ఇప్పుడు చెల్లింది.

మధ్యాహ్నం సర్కారు అధికారి వచ్చి, అచ్చులు చేసిన ఫిట్టరుని పిలిపించాడు.

“ఇది నకలేనని రాసిచ్చి, అచ్చులు నీ చేత్తోనే పగలగొట్టు. లేదంటే షెడ్డుకి తాళం.”

“వాళ్ళ పేటెంటు బొమ్మలో కూడా ఎడమవైపే నొక్కుంది చూడండి సార్. అది మా అమ్మాయి బుగ్గ.”

“కాగితం ఉందా?”

“పిల్లుంది.”

“పిల్లని ఫైల్లో పెట్టలేం కదయ్యా!”

“పోయినేడు మీ సర్కారే స్వదేశీ ఆవిష్కరణ అని సభ పెట్టి ప్రశంసాపత్రం ఇచ్చింది.”

“దాంట్లో మీ యజమాని పేరుంది. అదీ తప్పుగా.”

యజమాని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. రబ్బరు ప్రెస్సు నడిపే ఆవిడ మాత్రం ఊరుకోలేదు.

“పెద్దాయనా, నీ పంతానికి మా పొయ్యిల్లో పిల్లులు పడుకోవాలా? పదకొండు ఇళ్ళు! మీ అమ్మాయి బుగ్గనేం ఎవరూ ఎత్తుకుపోలేదులే.”

“ఎత్తుకుపోయారమ్మా,” అన్నాడు ఫిట్టరు.

అని, సంతకం పెట్టాడు. వేలిముద్ర కూడా కావాలన్నారు. మూడుసార్లు అద్దినా నల్లటి మరకే తప్ప గీత పడలేదు.

“ఏడిసినట్టుంది. ఏదో ఒకటిలే,” అని అధికారి కాగితం లాక్కున్నాడు.

ఏడు అచ్చులు. సమ్మెట తనే ఎత్తాడు. ప్రతి దెబ్బకీ ముందు అలవాటు కొద్దీ అచ్చు అంచు ఒకసారి తడిమాడు. పగిలినవి గోనెలో వేసి సీలు కొట్టారు. అతని సంచీ కూడా వెతికారు. “ఈ కట్టె ఏంటి?” అని అధికారి మనిషి దాన్ని తిప్పి చూసి, పనికిరానిదని మళ్ళీ అందులోనే పడేశాడు.

చేతులు కడుక్కుంటానని ఫిట్టరు కుళాయి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నీళ్ళు ఆగకుండా పోతున్నాయేంటని ప్రెస్సు ఆవిడ తిట్టుకుంటూ వెళ్ళి, కుళాయి కట్టేసి, అతని భుజం తట్టింది. మళ్ళీ తట్టేసరికి మనిషి పక్కకి ఒరిగాడు, ఊపిరి లేదు. తర్వాత గట్టిగా అరిచింది.

సాయంత్రం కూతురు చంటిపిల్లని చంకనేసుకుని వచ్చింది. ఆమె మొహంలోకి చూడలేక ప్రెస్సు ఆవిడ సంచీ చేతిలో పెట్టి పక్కకి తిరిగింది. అందులో ఖాళీ క్యారేజీ, తుండుగుడ్డ, వాటి కింద ఒక చెక్క మొహం. కళ్ళూ ముక్కూ పాతబడి నల్లబడ్డాయి. ఎడమ బుగ్గ మీది నొక్కు ఒక్కటే, వేలు తగిలీ తగిలీ, నున్నగా మెరుస్తోంది.