వంతెన తేదీ

కీబోర్డు సందుల్లో పడ్డ సిగరెట్ నుసిని ఊది, కొంగుతో తుడిచి, తస్లీమ్ కంప్యూటర్ ముందు కూర్చుంది. నుసి ఇంజనీరు రాఘవేందర్ సారుది. టేబుల్ అంచున ఆయన తాగి వదిలిన చాయ్ గ్లాసులో రెండు ఈగలు తేలుతున్నాయి.

వనపర్తి అవతల కాలువ తవ్వుతున్న గుత్తేదారు క్యాంపు ఆఫీసు అది. 2008 సెప్టెంబరు. తాను ఎనిమిదేళ్లు టైపు నేర్పిన సెంటరు మూతపడ్డాక తస్లీమ్ ఇక్కడ చేరింది. కంప్యూటర్లోని పనుల పట్టికలో ప్రతి పనికీ రెండు గీతలు. బూడిదరంగుది మొదట ఒప్పుకున్న తేదీ, నీలంది ఇప్పటి తేదీ. నెలనెలా నీలం గీతను కుడికి జరపడమే ఆమె పని. కాలువ మీద ఊరి దారికి కట్టాల్సిన వంతెన గీత ఇప్పటికి ఆరుసార్లు జరిగింది. జరిపినప్పుడల్లా లేచి వెళ్లి చేతులు కడుక్కునేది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

పదిన్నరకు రాఘవేందర్ వచ్చి ఆమె భుజం మీదుగా తెరలోకి వంగాడు. గుట్కా వాసన మొహాన కొట్టింది.

"రేపు తనిఖీకి పెద్దోళ్లొస్తుండ్రు. ఈ పాత గీతలన్ని తీసెయ్. ఇప్పటి తేదీలనే అసలు ప్లానని పెట్టు."

"గట్లయితే లేటన్నదే కనబడదు సార్."

"కనబడొద్దనే చెప్తున్న. నీ జేబులకెళ్లి పోతదా ఏంది?"

మందుల మీద బతుకుతున్న తల్లి సుల్తానాబీ గుర్తొచ్చింది. పాత ప్లాన్ మీద కొత్తది రాయాలా అని కంప్యూటర్ అడిగింది. తస్లీమ్ 'అవును' మీద నొక్కింది. బూడిదరంగు గీతలన్నీ కదిలి నీలం గీతల కింద ఒదిగిపోయాయి. నొక్కిన వేలును చీరకు రుద్దుకుంది. అయినా దానికేదో అంటినట్టే ఉంది.

మజ్జిగ అమ్మే జమ్ములమ్మ ఆరోజు రాలేదు. కాలువ అవతలి ఊరి నుంచి రోజూ పదకొండుకల్లా వచ్చి, "ఉప్పు సరిపోయిందా బిడ్డా?" అని అడిగే మనిషి.

రెండు గంటలకు జీపు డ్రైవరు సాయన్న గుమ్మంలో నిలబడ్డాడు. నడుము దాకా తడిసి ఉన్నాడు. చేతిలోని తడి గుడ్డచుట్టను గడప పక్కన పెట్టాడు.

"అక్కా, జమ్ములమ్మ పోయింది. కాలువ మీద ఏసిన చెక్క మీదికెళ్లి జారింది. వాన నీళ్లు నిండినయ్ గద. మేం తీసేసరికే అయిపోయింది." మెల్లగా అడిగాడు. "గా వంతెన ఎప్పటికల్ల కావాలె ఉండె?"

తస్లీమ్ తెర వైపు చూసింది. వచ్చే మార్చి. రెండు గీతలూ ఒకటే. ఆలస్యం సున్నా.

"పోయిన ఏడాది మే పదిహేను" అంది.

రేపటి తనిఖీ ఫైలు తీసి, పై కాగితం మీద వంతెన పక్కన ఆ తేదీని పెన్నుతో ఒత్తి రాసింది. రాఘవేందర్ చించేస్తాడని తెలుసు. అయినా రాసింది.

"ఏం రాస్తున్నవ్? పనిల ఉండాలనుందా లేదా?" అప్పుడే లోపలికొచ్చిన రాఘవేందర్ అరిచాడు.

"లేదు సార్." బ్యాగు భుజాన వేసుకుంది. "నడువ్ సాయన్నా, జమ్ములమ్మ ఇంటికి పోదాం."

ఇద్దరూ జీపెక్కి వెళ్లిపోయారు. నీళ్లలో దొరికిందని సాయన్న తెచ్చిన గుడ్డచుట్ట గడప పక్కనే ఉండిపోయింది. మజ్జిగ కుండ కింద ఆమె తల మీద పెట్టుకునే చుట్ట అది. నీళ్లు కారుతున్నా, జమ్ములమ్మ తల ఒత్తిన గుంట దాని నడుమ అట్లాగే ఉంది.