నాలుక చాపిన డాలు

2013లో మాంచెస్టర్‌లో కొత్త ఫ్లాట్‌కి మారినప్పటి నుంచీ మా అమ్మాయి భావన దగ్గర ఒకటే పోరు పెట్టాను, గుమ్మానికి దిష్టిబొమ్మ కట్టవే అని. ఆఫీసు మీటింగుల మధ్య దానికి తీరితేగా! ఒక పొద్దున చూద్దును గదా, భోజనాల బల్ల మీద డాలు ఆకారంలో పెద్ద అట్ట. దాని నిండా మిడిగుడ్లూ, గడ్డం దాకా వేలాడే ఎర్ర నాలుకా ఉన్న మొహం. కూతురు నా మాట విన్నదని మురిసిపోయి, దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, గుమ్మం బయట తగిలించాను.

సాయంత్రం బడి నుంచి వచ్చిన మనవరాలు రిషిత అక్కడే కూలబడింది.

"అమ్మమ్మా! వాట్ హావ్ యూ డన్? దట్స్ మై కోట్ ఆఫ్ ఆర్మ్స్!"

ఫ్రాన్సులో బ్రెస్కోల్ అనే పల్లెకీ మా పేటకీ చెలిమి కుదిరిందట. ఆ మొహమే ఆ ఊరి చిహ్నమట. దాన్ని డాలు మీద బాగా వేసిన పిల్లని పోటీలో ఎంచి, వేసవిలో అక్కడి పండగకి తీసుకెళతారట. సబ్బు పెట్టి తుడిచాం. పసుపు పోతుందా? కుంకుమ మరింత పాకింది.

"మళ్లీ వేసుకోవే తల్లీ."

"ఇట్స్ టుమారో, అమ్మమ్మా!"

మర్నాడు పోటీ జరిగే హాల్లో అన్ని డాళ్ల మధ్యా మాదొక్కటే పచ్చగా ఉంది. పోటీకని వచ్చిన బ్రెస్కోల్ మేయరు, గుబురు మీసాల పెద్దాయన, సరిగ్గా దాని ముందే ఆగాడు. ఆయన మాటలు భావన నా చెవిలో తెలుగు చేసింది.

"చదువుకున్నవాళ్లు ఇది వానకి అరిగిపోయిన రాతి సింహం మొహం అంటారటమ్మా. ఊళ్లో ముసలమ్మలు మాత్రం, మీదికొచ్చిన సైన్యానికి గోడెక్కి నాలుక చాపిన అవ్వ అంటారట. సేనాపతి సిగ్గుపడి వెళ్లిపోయాడట."

"సిగ్గేం కాదు, జడుసుకునుంటాడు" అన్నాను.

మరి ఈ పసుపేమిటని మేయరు అడిగాడు. రిషిత తల దించుకుంది.

"చెప్పవే, దిష్టి తగలకుండా అని. తగిలించిన గంటకే పై ఫ్లాట్ ఆవిడ మా గుమ్మం వైపు చూడకుండా మెట్లు దిగిపోయిందని కూడా చెప్పు."

పిల్ల చెప్పింది. ఆయన మీసాలు అదిరేలా నవ్వి, పిల్లలందరికీ ఒక పరీక్ష పెట్టాడు. పండగలో డాలు మోసేవాళ్లు ఊరి పెద్దకి నాలుక చాపాలట, అదే ఆనవాయితీ. ఇక్కడి పెద్దకి ఎవరు చాపుతారు?

మెడలో పదవి గొలుసు వేసుకున్న మా పేట మేయరమ్మ బిగుసుకుపోయింది. పిల్లలు కిసుక్కుమన్నారే గాని ఒక్కరూ కదల్లేదు. సారీలూ ప్లీజులూ తప్ప వాళ్లకి ఏం నేర్పారు గనక?

"పోనీ నన్ను చాపమంటారా?" అంటూ లేచాను.

"నో, అమ్మమ్మా, సిట్ డౌన్!" అని రిషితే మేయరమ్మ ముందుకెళ్లి, గుడ్లు మిటకరించి, నాలుక గడ్డం దాకా చాపింది. మేయరమ్మ నిజంగానే వెనక్కి జరిగింది.

ప్రయాణం ఖాయమైంది. డాలు ఎత్తుకుని వస్తూ పిల్ల నా ముందు ఆగి, నాకూ ఒకసారి చాపింది. ఊరుకుంటానా? నేనూ చాపాను.