మూడోసారి పిలిచిన సదస్సు

తోతాపురి కాయ మంచి ఊపు మీదున్న జూలైలో, ఫ్యాక్టరీ గేటు నుంచి చిత్తూరు రోడ్డు దాకా మామిడి ట్రాక్టర్లు బారులు తీరిన రోజున, ధరణికి తిరుపతి రమ్మని పిలుపు వచ్చింది. ఢిల్లీలో ఉన్న ఒక యూరప్ దేశపు రాయబార కార్యాలయం వాళ్ళు ఈ చుట్టుపక్కల మామిడి గుజ్జు తీసే యజమానులతో మాట్లాడతారట. రెండు దేశాల మధ్య వ్యాపారం ఎట్లా పెంచాలో వ్యాపారుల నోటే వినాలని వాళ్ళ కోరికట.

వినడం వాళ్ళకిది మూడోసారి. మొదట చెన్నైలో విన్నారు. తర్వాత వీడియో కాల్‌లో విన్నారు. రెండుసార్లూ ధరణి చెప్పింది ఒకటే. మా గుజ్జు డ్రమ్ములను మీ రేవులో వారాల తరబడి ఆపేస్తున్నారు, ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళు లేరు, ఈలోగా కొనేవాడు విసిగిపోయి వేరే దేశం సరుకు తీసుకుంటున్నాడు. రెండుసార్లూ అవతలివాళ్ళు తల ఊపి రాసుకున్నారు. చెన్నైలో తల ఊపినాయన రెండోసారి కనబడలేదు. బదిలీ మీద ఇంకో దేశం వెళ్ళిపోయాడు.

"నేను పోను మామా," అంది ధరణి. "ఈడ బాయిలర్ సతాయిస్తా ఉండాది. కాయంతా ఎండకు మాగిపోతా ఉంటే నేను ఏసీలో కూర్చోని మళ్ళా అదే సెప్పల్లా?"

ఆ ఫ్యాక్టరీ పెట్టింది ఆమె మామ సుబ్రమణ్యం నాయుడే. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి కోడలికి అప్పగించి, ఆఫీసు గదిలో కూర్చుని వచ్చీపోయేవాళ్ళను పలకరిస్తూ ఉంటాడు. పోకపోతే మనకేం కష్టాలు లేవనుకుంటారనీ, బాయిలర్ సంగతి సూపర్‌వైజర్ గోవిందు చూసుకుంటాడనీ ఆయన నచ్చజెప్పాడు. పెద్దాయన మాట తీసేయలేక ధరణి కారెక్కింది.

తిరుపతి హోటల్లో పది గంటలకన్న సభ పన్నెండు దాటినా మొదలవలేదు. అతిథులు కొండ మీద దర్శనం చేసుకుని ఇంకా దిగుతున్నారని నిర్వాహకులు చెప్పారు. వచ్చినవాళ్ళంతా కాఫీ మీద కాఫీ తాగారు. ధరణికి గోవిందు దగ్గర నుంచి ఫోన్ మీద ఫోన్. ఆవిరి సరిగ్గా అందడం లేదు, దింపిన కాయ దింపినట్టే ఉంది, ట్రాక్టర్ల దగ్గర రైతులు అరుస్తున్నారు. ఆమె వరండాలో అటూ ఇటూ తిరుగుతూ ఏ వాల్వు మూయాలో ఏది తెరవాలో చెబుతూనే ఉంది.

చివరికి అతిథులు వచ్చారు. శాలువాలు కప్పారు, ఫొటోలు తీశారు. వాణిజ్య అధికారి, ఎర్రటి మొహం ఉన్న పొడుగాటి మనిషి, ఎండకు అలసిపోయినా నవ్వుతూనే తెర మీద బొమ్మలు చూపించడం మొదలుపెట్టాడు. నాలుగో బొమ్మ దగ్గరే ధరణికి విషయం అర్థమైంది. అవన్నీ వాళ్ళ దేశంలో తయారయ్యే యంత్రాలు. గుజ్జు తీసేవి, డ్రమ్ముల్లో నింపేవి, సీలు వేసేవి. వ్యాపారం పెంచడమంటే వాళ్ళ యంత్రాలు వీళ్ళు కొనడమన్నమాట. అట్లా కొన్న యంత్రాలతో తీసిన గుజ్జును వాళ్ళ రేవు ఎందుకు లోపలికి రానివ్వదో ఏ బొమ్మలోనూ లేదు.

ప్రశ్నలు అడగమనగానే ధరణి లేచింది. పక్కన కూర్చున్న భానుచందర్, పుత్తూరు దగ్గర ఫ్యాక్టరీ ఉన్నాయన, ఆమె కొంగు పట్టి లాగినంత పని చేశాడు. "ఎందుకమ్మా, భోంచేసి పోదాం," అన్నాడు గొంతు తగ్గించి. ఆమె వినలేదు. తన డ్రమ్ముల సంగతి మూడోసారి మొదటి నుంచి చెప్పింది. అధికారి చాలా మంచి ప్రశ్న అన్నాడు. వివరాలన్నీ ఈమెయిల్లో పంపమన్నాడు.

పంపానని ధరణి చెప్పింది. దానికి జవాబు కూడా వచ్చిందని ఫోన్ తీసి చదివింది. త్వరలో జరగబోయే సంప్రదింపుల సదస్సులో ఈ విషయం ప్రస్తావించగలరని అందులో ఉంది.

హాల్లో ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు, నిర్వాహకుడి వైపు చూశాడు. నిర్వాహకుడు మైకు అందుకుని భోజనాలు సిద్ధంగా ఉన్నాయన్నాడు.

ధరణి భోజనానికి పోలేదు. బయట బల్ల దగ్గర హాజరు పట్టీ పెట్టుకుని ఒకమ్మాయి కూర్చుని ఉంది. పేరు ఐశ్వర్య, నాయుడుపేట పిల్ల, ఢిల్లీలో ఆ రాయబార కార్యాలయంలోనే సలహాదారుగా పనిచేస్తోంది.

"నా పేరు కొట్టేయి తల్లీ," అంది ధరణి.

"ఎందుకు మేడమ్? మీరొచ్చినారు గదా?"

"వచ్చినాను. మాట్లాడినాను. కానీ నన్ను అడిగి తెలుసుకున్నామని మీరు రాసుకుంటే అది అబద్ధం. మూడేండ్లుగా సెప్తా ఉండాను. వినినవాడు ఒక్కడూ లేడు."

ఐశ్వర్య పెన్ను పట్టుకుంది గానీ కొట్టేయలేదు. రేవులో తనిఖీలు తమ చేతిలో లేవనీ, అది వాళ్ళ దేశంలో ఇంకో శాఖదనీ, తాము ఎంతమంది వచ్చారో రాసి పైకి పంపుతామనీ నెమ్మదిగా చెప్పింది. చెప్పేటప్పుడు ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ధరణికి ఆ పిల్ల మీద కోపం రాలేదు గానీ, ఈ మాట మొదటి ఏడాదే ఎవరైనా చెప్పి ఉంటే తాను ఇన్నిసార్లు చెప్పుకునేదే కాదు గదా అని ఒళ్ళు మండింది.

"ఆ తనిఖీ సేసే మనిషి ఎవరో కనుక్కో. అదొక్కటి సేస్తే సాలు. నా పేరు పట్టీలోనే ఉంచుకో," అని చెప్పి వచ్చేసింది.

చంద్రగిరి దాటేటప్పటికి గోవిందు మళ్ళీ ఫోన్ చేసి బాయిలర్ దారికి వచ్చిందన్నాడు. మాగిపోయిన కాయ కొంత పారబోయక తప్పలేదు.

ఓ వారం తర్వాత మధ్యాహ్నం ఐశ్వర్య ఫోన్ చేసింది. రేవులో తనిఖీ చూసే అధికారిణిని లైన్లో కలుపుతానంది. ఆవిడ నిదానంగా, చిన్న పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. డ్రమ్ము మీద పండు రకం పేరు వాళ్ళ భాషలో కూడా ఉండాలి. ధరణి డ్రమ్ముల మీద ఇంగ్లీషులోనే ఉంది. ఈ సంగతి ప్రతిసారీ అక్కడ కొనేవాడికి రాసి పంపామంది. అతను ఇటువైపు ఒక్క ముక్క చెప్పలేదు. అసలు ఇండియా నుంచి తనను నేరుగా అడిగినవాళ్ళు మీరే మొదటివాళ్ళని కూడా అంది.

ధరణి ఫోన్ పెట్టేసింది. మామ ఏమైందని అడిగాడు.

"ఒక స్టిక్కరంట మామా. డ్రమ్ముకొక స్టిక్కరు."

"అంతేనా?"

"అంతే."

పెద్దాయన నవ్వబోయి, కోడలి మొహం చూసి మానుకున్నాడు. ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషంతో మాత్రం కాదు. లేచి వెళ్ళి కుళాయి కింద మొహం కడుక్కుని, కారు తాళాలు తీసుకుంది.

చిత్తూరులో ప్రెస్సువాడు, ఆ అధికారిణి ఫోన్‌కు పంపిన అక్షరాలు చూసి ఇదేం భాష మేడమ్ అన్నాడు. అక్షరం అక్షరం సరిచూసి, తప్పు పడితే మళ్ళీ కొట్టించి, చీకటి పడే వేళకు కట్టలు కారులో వేసుకుని వచ్చింది. ఆ సీజన్ ఆఖరి కంటైనర్ స్టిక్కర్లతో పోయింది, రేవులో ఆగలేదు. పాత కొనుగోలుదారుతో ఆమె మళ్ళీ మాట్లాడలేదు. సరుకు కొత్తవాడికి పోయింది.

ఆ సంగతి విని భానుచందర్ ఫోన్ చేశాడు. ఆ స్టిక్కరు నమూనా ఒకటి పంపగలవా అమ్మా అని అడిగాడు. ధరణి పంపింది. పంపేముందు, ఆ రోజు భోంచేసి పోదామన్నందుకు ఆయన్ను బాగా తిట్టింది, ఆయన కూడా కిక్కురుమనకుండా విన్నాడు.