మేనేజరు కుర్చీ మీది తువ్వాలు

నేను ఒక తెల్ల తువ్వాలును. కోనసీమలో ఓ కొబ్బరిపీచు సంస్థ ఆఫీసుంది. అక్కడ మేనేజరు గారి కుర్చీ వీపు మీద పరుచుకుని ఉండటం నా ఉద్యోగం.

మన ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది. కుర్చీ మీద తువ్వాలుంటే అధికారి ఉన్నట్టే. అందుకే మేనేజరు భానోజీరావు గారు రిటైరై వెళ్ళిపోయినా నన్నెవరూ తీయలేదు. తగిన మనిషి దొరికేదాకా ఆగమని హెడ్డాఫీసు రాసింది. నాలుగేళ్ళు వెతికారు. ఆ నాలుగేళ్ళూ నా పక్కన చెక్క కుర్చీలో కూర్చుని ఆఫీసు నడిపింది అసిస్టెంటు మేనేజరు హైమావతి గారు. భానోజీరావు గారూ, ఆయన ముందరి ఇద్దరు మేనేజర్లూ ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నారు. వచ్చే ఉగాదికి ఆవిడ రిటైరవుతారు. ఈలోగా ఒక్కరోజైనా మేనేజరు అనిపించుకోవాలని ఆవిడ కోరిక.

ఒకరోజు తనిఖీ అధికారి వచ్చారు.

"మేనేజరు గారేరీ?"

"ఆయ్, సీట్లోనే ఉన్నారండి," అన్నాడు అటెండరు వీరాస్వామి, అలవాటు కొద్దీ నా ముందు టీ పెడుతూ.

అధికారి చేతులు వాటంతటవే నమస్కారం పెట్టేశాయి.

"నాలుగేళ్ళుగా ఒక్క సెలవు పెట్టలేదండి ఆయన," అన్నారు హైమావతి గారు. "ఒకర్ని ఒక మాట అన్నదీ లేదు."

"అలాంటి మనిషే కావాలమ్మా మాకు!"

"మరి మేనేజరు పోస్టుకు నేను పెట్టిన దరఖాస్తు సంగతేంటండీ?"

"మీకు ఇల్లూ వాకిలీ ఉంటాయి. ఈయనలా సీటుకు అతుక్కుని ఉండగలరా?"

"కూర్చుంటే నడిచే ఆఫీసైతే ఆయనే చాలండి."

ఆ చివరి మాట మాత్రం అధికారి రాసుకున్నారు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ప్రమోషన్, నాకు.

వీరాస్వామి నన్ను కవర్లో పెడుతూ కళ్ళు ఒత్తుకున్నాడు. హైమావతి గారు నా అంచున వేలాడుతున్న పోగు కత్తిరించి, "వెళ్ళిరండి సార్. హెడ్డాఫీసులో నా దరఖాస్తు కాగితం మీ ముందుకొస్తే ఒక్క మాట చెప్పండి," అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ గొంతు నవ్వలేదు.

దారంతా ఆలోచించాను. మనుషులకు ఖాళీ అంటే భయం. దాని మీద ఏదో ఒకటి పరిస్తే చాలు, దానికే లొంగిపోతారు.

ఇప్పుడు నేను డైరెక్టర్ల బోర్డులో ఉన్నాను. పొడవాటి బల్ల, పన్నెండు కుర్చీలు, పన్నెండు తువ్వాళ్ళు. ఇవాళ ఆవిడ కాగితం వచ్చింది.

"ఈవిడ పనితనం ఎవరికైనా తెలుసా అండీ?" అని కార్యదర్శి అడిగారు.

నాకు తెలుసు. పోగు పోగునా తెలుసు. ఫ్యాను గాలి ఆసరాతో శక్తికొద్దీ రెపరెపలాడాను. కార్యదర్శి లేచి, ఫ్యాను కట్టేసి వచ్చి, కదలకుండా ఉన్న పన్నెండు తువ్వాళ్ళనూ ఓసారి చూసి రాసుకున్నారు: "సభ్యులందరూ ఏకగ్రీవంగా తిరస్కరించారు."