డల్వా తగ్గించిన శ్రుతి

మనకు అర్థం కాని భాషలో పాడిన పాట అమ్మవారికి చేరుతుందా అన్న సందేహం పదకొండేళ్లుగా నాలో ఉంది.

న్యూజెర్సీ ఎడిసన్‌లో మా పక్కింటి డల్వా, ఆమె కూతుళ్లు ఇయారా, సెలియా బ్రెజిల్ వాళ్లు. ముగ్గురూ కలిసి తమ ఊళ్ల పాత పాటలు పాడతారు. మొదట చర్చి పండుగల్లో, తరువాత న్యూఆర్క్ హాళ్లలో, బోస్టన్‌లో పాడారు. రెండు సీడీలు వచ్చాయి. పైగొంతు ఎప్పుడూ డల్వాదే. కూతుళ్లు కింది స్వరాలు పట్టుకునేవారు.

పదకొండేళ్ల కిందటి దసరాకి మా బొమ్మల కొలువుకి పిలిస్తే వచ్చి పాడారు. పేరంటంలో పాడిన ఆడవాళ్లకు తాంబూలం ఇవ్వాలి. నేను అందరికీ ఇచ్చి, వీళ్ల చేతిలో మాత్రం స్వీట్ల డబ్బా పెట్టాను. మన ఆచారం వాళ్లకెందుకు అనుకున్నాను. డల్వా పక్కవాళ్ల చేతుల్లోని తమలపాకులవైపు చూసింది. ఆ తరువాత నేనూ పిలవలేదు.

నిరుడు డల్వా గొంతుకి ఆపరేషన్ జరిగింది. పైస్వరాలు పోయాయి. ఈ నవంబరులో ఉన్న ప్రోగ్రాం కాన్సిల్ చేసి ఇక మానేద్దామంది. కూతుళ్లు ఒప్పుకోలేదు, అలాగని ఆమె లేకుండా పాడనూ లేదు.

ఈ దసరాకి మా అమ్మాయి నైనికని తీసుకుని వెళ్లి పిలిచాను.

"నా గొంతు పాత ట్రక్ స్టార్ట్ చేసినట్టుంది, వసూ," అంది డల్వా.

"మా కొలువులో గొంతు ఎవరూ చూడరు. వచ్చినవాళ్లు ఒక పాట పాడాల్సిందే."

"నిజం ఆంటీ," అంది నైనిక. "మా అత్త పాడితే స్మోక్ అలారం అనుకున్నా."

వచ్చారు. పేరంటాళ్లు ఒక్కొక్కరే పాడారు, శ్రుతి తప్పినవాళ్లే ఎక్కువ. డల్వా అలవాటుగా పైన ఎత్తుకుని రెండో మాటకే ఆగిపోయింది.

"కానీయమ్మా, మేమేం తక్కువ పాడామా?" అన్నారు పేరంటానికి వచ్చిన చాముండేశ్వరి గారు, శనగలు నములుతూ.

నైనిక ఇంగ్లీషులో చెప్పింది. డల్వా కిందికి దిగి మళ్లీ మొదలుపెట్టింది. కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఇయారా ఆమె వదిలిన పైగొంతు అందుకుంది, సెలియా మధ్యలో నిలిచింది. పాట చివరిదాకా సాగింది.

"అమ్మా, నవంబరు ప్రోగ్రాం ఉన్నట్టా, లేనట్టా?" అంది సెలియా.

"ఈవిడ ముందు వరసలో కూర్చుంటే ఉన్నట్టే," అంది డల్వా, చాముండేశ్వరి గారిని చూపిస్తూ.

లోపలికి వెళ్లి ఆకులు, వక్కలు, అరటిపళ్లు, రవికె గుడ్డలు మూడు పళ్లేల్లో సర్ది తెచ్చాను. పట్టడానికి డల్వాకి కొంగు లేదు. రెండు చేతులూ చాపింది. ముందు ఆమెకి, తరువాత కూతుళ్లకి, ఆనాడు ఇవ్వని తాంబూలాలు ఇచ్చాను.